ఉప్పు వేయని ఉలవ పచ్చడి

మా అత్తను పస్తు పెట్టి చంపింది మీరే.

ఇంకెవరినో అంటున్నానని పక్కకు చూడకండి. వంటింట్లో పొయ్యి పక్కన ఉప్పు డబ్బా ఉన్న ప్రతి మనిషినీ అంటున్నాను. నన్ను నేను కూడా కలుపుకునే అంటున్నాను, ఆ సంగతికి కాసేపాగి వస్తాను. పోయిన గురువారం పొద్దున్న పదకొండు గంటల వేళ, నౌపడ దగ్గర మా ఊరి ఉప్పు మడుల్లో, నెత్తి మీద గంపతో గట్టెక్కుతూ మా నాన్న చెల్లెలు పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. అరవై రెండేళ్ళు. గుండె ఆగిపోయిందని డాక్టరు రాశాడు. నిజమే, ఆగింది. తెల్లవారకముందే ఒక గ్లాసు టీ తాగి బయల్దేరిన మనిషి, ఆ తర్వాత ఏమీ తినకుండా ఎండలో ఉప్పు మోసిన మనిషి, ఇంకెలా పోతుంది? ఆ కాగితంలో ఆకలి అని రాయడానికి గడి లేదు.

తిండి లేక పోయిందా అంటే, అదీ కాదు. ఆవిడ పక్కనే మూత పెట్టిన గిన్నెలో తిండి ఉంది. తనతో కలిపి ఆ మడుల్లో మోసే పద్నాలుగు మంది ఆడవాళ్ళకు సరిపడా పచ్చడి ఆవిడే నూరి పెట్టింది. కూర్చుని తినడానికి అరగంట లేదు. నా కోపమంతా ఆ అరగంట గురించే.

శుక్రవారం మా మందిరంలో కూడిక జరిగింది. మాది మిషను వాళ్ళ కాలం నుంచి ఉన్న బాప్టిస్టు సంఘం. పాస్టరు గారు మంచివాడు, అత్త అంటే గౌరవం ఉన్నవాడు. ఆయన కూడా అందరిలాగే, దేవుడు తన పని ముగించి పిలుచుకున్నాడని అన్నాడు. నేను లేచి నిలబడి, ఆవిడ పని ముగియలేదండీ, పది గంటలకు తినాల్సిన తిండి పదకొండు దాకా తినకుండా ఆపారు, దాన్ని దేవుడి మీద వేయకండి అన్నాను. మా చిన్నాన్న నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. చావు దగ్గర వాదిస్తారేమిట్రా అన్నాడు. మరెక్కడ వాదించాలో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ వాదిస్తున్నాను.

మీరు ఉప్పు మడిలో ఎప్పుడూ దిగి ఉండరు. దిగిన వాళ్ళ చేతులు చూసి కూడా ఉండరు. పిల్లకాలువల్లోంచి మడిలోకి వచ్చిన సముద్రపు నీరు ఎండకు ఉప్పై పేరుకుంటుంది. దాన్ని గోకి, కుప్ప చేసి, గంపలకెత్తి గట్టు మీది గుట్టకు మోస్తారు. నెల తిరిగేసరికి అరచేతులు బీటలు వారతాయి. బీటల్లో ఉప్పు దిగుతుంది. మంచినీళ్ళు ఊళ్ళోంచి బిందెతో తెచ్చుకోవాలి. అవి తాగడానికే చాలవు, చేతులు కడుక్కోవడానికి ఎక్కడివి? ఆ చేతులతో పులుసన్నం కలిపి చూడండి. చింతపండూ మిరపకారమూ బీటల్లోకి దిగితే ఎలా ఉంటుందో నేను రాయలేను. అందుకే మా ఊరి ఆడవాళ్ళు చాలామంది క్యారేజీ తెచ్చుకుని కూడా మూత తీసేవాళ్ళు కాదు. ఇంటికెళ్ళి తింటామనేవాళ్ళు. కళ్ళు తిరిగితే గట్టు మీద కాసేపు తల పట్టుకుని, మళ్ళీ గంప ఎత్తుకునేవాళ్ళు. ఆడవాళ్ళు సరిగ్గా తినరండీ, వాళ్ళకి అవగాహన లేదండీ అని సదస్సుల్లో చెబుతుంటారే, వాళ్ళను తీసుకొచ్చి ఒక్క పూట ఆ చేతులతో అన్నం కలపమనాలి.

ఈ చిక్కు విప్పింది మా అత్త. అయిదో తరగతితో బడి మానిపించారు ఆవిడను. మా నాన్నను మాత్రం చదివించారు, ఆయన మాస్టరయ్యాడు, ఆయన కొడుకుని గనక నేను ఇలా పేపర్లలో రాస్తున్నాను. చేతులకు అంటకుండా తినాలి, బలం ఉండాలి, పావుగంటలో తయారవ్వాలి, ఎండకు పాడవకూడదు. ఈ నాలుగూ పెట్టుకుని ఆవిడ ఆలోచించింది. ఉలవలు గుర్తొచ్చాయి.

ఉలవలా అని మొదట అందరూ నవ్వారట. అవి ఎడ్ల తిండి కదా. మావ బతికున్న రోజులవి, ఆయనైతే నాగలి కూడా కట్టుకుంటావేటే అని ఎగతాళి చేశాడట. అత్త ఆయనకు చెప్పిన జవాబు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు.

"ఎడ్లకి పెడితే బలమొస్తాది, నాకు పెడితే రాదేటి? నానూ బరువు మోస్తన్నాను గదా."

చేసే తీరు చెబుతాను. మీకు పనికొస్తుంది, మిక్సీ ఉంటే మరీ తేలిక. ఆరు గుప్పిళ్ళ ఉలవలు ఇనప మూకుడులో సన్న సెగ మీద ఎర్రగా వేయించాలి. తొందరపడితే పైన మాడి లోపల పచ్చి ఉంటుంది. కమ్మటి వాసన వచ్చి, ఒకటి నోట్లో వేసుకుంటే పటుక్కుమనాలి. రెండు గుప్పిళ్ళ వేరుశనగ గుళ్ళు కూడా వేయించి పొట్టు ఊదేయాలి. ఇంత వరకూ ఆవిడ ఇంటి దగ్గరే చేసుకుని డబ్బాలో పోసుకుని వచ్చేది. మడి గట్టు మీద ఒక సన్నికల్లు ఉండేది, ఎప్పుడో అక్కడ పెట్టేసింది. దాని మీద జీలకర్ర, అయిదారు వెల్లుల్లి రెబ్బలు, రెండే రెండు ఎండుమిరపకాయలు, ఉసిరికాయంత చింతపండు నూరి, ఉలవలూ గుళ్ళూ వేసి, ఫ్లాస్కులోని వేడినీళ్ళు కొంచెం కొంచెం చిలకరిస్తూ మెత్తగా నూరేది. ముద్ద కంటే పల్చగా, చట్నీ కంటే చిక్కగా రావాలి. రొట్టె ముక్క ముంచి ఎత్తితే అంటుకుని రావాలి కానీ కారకూడదు. కారితే వేలి మీద పడుతుంది. పడితే మండుతుంది. అందుకే ఆ చిక్కదనం. మిరపకాయలు రెండే వేయడమూ అందుకే.

ముంచుకోవడానికి చోడి రొట్టెలు, రాగులనే మా వైపు చోళ్ళంటాం. పెనం మీద బాగా గట్టిపడే దాకా కాల్చి, నాలుగు వేళ్ళ పొడుగు ముక్కలుగా విరిచి గుడ్డలో కట్టి తెచ్చేది. దోసకాయలు దొరికిన రోజుల్లో దోస ముక్కలు. ఒక కొస పట్టుకుని రెండో కొస ముంచడమే. అన్నం కలపక్కర్లేదు, చేయి కడగక్కర్లేదు. పట్నాల్లో మీరు దీన్నే డిప్ అంటారు. మొక్కల నుంచి వచ్చే ప్రోటీన్ అంటారు, చిన్న ప్లాస్టిక్ కప్పులో పెట్టి మూత మీద పచ్చటి ఆకు బొమ్మ వేస్తారు. మా అత్త దానికి పేరు పెట్టలేదు. మడికాడ పచ్చడి అనేది, అంతే.

అందులో ఉప్పు ఉండదు.

నాకు ఆ సంగతి తెలిసింది కాలేజీలో చదివే రోజుల్లో. ఉప్పు కార్మికుల స్థితిగతుల మీద విద్యార్థుల పత్రికకు వ్యాసం రాద్దామని నోటు పుస్తకం పట్టుకుని మడుల్లోకి వెళ్ళాను. పెద్ద పెద్ద ప్రశ్నలు తయారు చేసుకుని వెళ్ళాను. అత్త ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ముందు తినరా అని రొట్టె ముక్క పచ్చడిలో ముంచి ఇచ్చింది. నోట్లో పెట్టుకుని, ఉప్పు మరిచిపోయావత్తా అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. అత్త నవ్వలేదు. నా కుడి చేయి పట్టుకుని పక్కనున్న ఉప్పు గుట్టలో మణికట్టు దాకా దింపి, పైకి తీసి, దులిపి, ఇంకో ముక్క ఆ వేళ్ళ మధ్య పెట్టింది.

"ఇప్పుడు తిను. మాకు సేతులకీ ఉన్నాది, పెదాలకీ ఉన్నాది. పచ్చట్లో కూడా ఏస్తే నోట్లో పెట్టలేం."

రుచి సరిగ్గా సరిపోయింది. మీరు నమ్మకపోతే నేనేమీ చేయలేను. ఇప్పటికి పాతికేళ్ళు దాటింది ఆ మాటకు. ఆ రోజు నాకు తెలిసింది అని రాశాను కదా, ఆ ముక్క గుర్తు పెట్టుకోండి. నాకు తెలుసు.

మరి ఇంతమందికి ఉలవలు ఎక్కడివి? మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. ఇల్లాలు రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో తీసిపెట్టి, ఆదివారం మందిరానికి తెస్తుంది. అత్త దాని పక్కన ఇంకో డబ్బా పెట్టింది. పిడికెడు ఉలవలు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు అందులో పోసి వెళ్ళేవాళ్ళు. సముద్రం వైపు నుంచి మడుల్లోకి వచ్చే చేపల వాళ్ళ ఆడవాళ్ళు మందిరం మెట్లెక్కరు, వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు. వాళ్ళు సోమవారం పొద్దున్న గట్టు మీదే కొంగులోంచి తీసి పోసేవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ అత్త పక్క మడిలో పనిచేసేది. నేను అక్కా అని పిలుస్తాను. గురువారం ఏం జరిగిందో నాకు పూసగుచ్చి చెప్పింది ఆవిడే.

అత్తకు ఒక అలవాటు. పచ్చడి గిన్నె మూత తీశాక కూడా, పద్నాలుగో మనిషి వచ్చి కూర్చునే దాకా ఒక్కరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అందరికీ పెట్టాక తను తినేది, సన్నికల్లుకు అంటుకున్నదాన్ని కూడా రొట్టె ముక్కతో తుడిచి తినేది. ఇంకో అలవాటు, నా వ్యాసాలు వచ్చిన పేపరు ఎవరితోనైనా తెప్పించుకుని చదవడం. చదివి ఫోను చేసేది. బాగుందని ఏనాడూ అనలేదు. ఒకసారి మాత్రం నెమ్మదిగా అంది, నీ రాతల్లో అన్ని దేశాలూ ఉన్నాయిరా అల్లుడా, మన గట్టొక్కటే నేదు అని. నేను దానికి ఏదో సిద్ధాంతం చెప్పాను. సిద్ధాంతం సెప్పీసినావా, మరి ఉంటాను అని పెట్టేసింది.

పది గంటలకు అరగంట ఆగడం అన్నది ఎవరూ ఇచ్చిన హక్కు కాదు. ముసలి మేస్త్రి ఉన్నప్పుడు అలవాటుగా వచ్చింది. ఆయన కూడా ఒక ముక్క ముంచుకుని తినేవాడు. రెండేళ్ళ కిందట మడులు గుత్తకు తీసుకున్న మనిషి మారాడు, మేస్త్రి మారాడు. పది గంటలకు అందరూ గంపలు దించితే, ఇదేమిటన్నారు. తిండి వేళ అన్నారు ఆడవాళ్ళు. ఎక్కడ రాసి ఉంది, కాగితం చూపించండి అన్నాడు గుత్తేదారు. కాగితం లేదు. ఒకరోజు ఆపనిస్తే రెండు రోజులు ఆపనివ్వలేదు. అత్త కాళ్ళు అరిగేలా తిరిగింది. మండలంలో అర్జీ ఇచ్చింది. గట్టు మీద ఒక రేకుల పాక, ఒక పొయ్యి, పది గంటలకు అరగంట. అడిగింది ఇంతే. అర్జీ తీసుకున్నారు. ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు.

అప్పుడే శ్రీకాకుళంలో వంటల పోటీ పెట్టారు. మహిళా సంఘాల వాళ్ళు స్థానిక ధాన్యాలతో, పప్పులతో చిరుతిండి చేసి తేవాలి. మొదటి బహుమతి వచ్చిన వంటను, గెలిచిన సంఘం ఊరి పని స్థలాల్లో రోజూ అందిస్తామని, అందుకు పాక, పొయ్యి మంజూరు చేస్తామని అధికారి ప్రకటించాడు. అత్తకు కావాల్సిన కాగితం అదే. గెలిస్తే చాలు, గుత్తేదారు ముందు పెట్టడానికి సర్కారు ముద్ర ఉన్న కాగితం ఉంటుంది. మా ఊరి మహిళా సంఘం తరఫున పేరు ఇచ్చింది. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఒకణ్ణి నేను. అభ్యుదయ రచయితనని పిలిచారు.

ఆ రోజు అత్త తెల్లచీర కట్టుకుని, సన్నికల్లును గోనెసంచిలో కట్టుకుని రైల్లో తెచ్చింది. మిక్సీ ఇస్తామన్నా వద్దంది. మా బల్ల మీదకు ఒక స్టీలు గిన్నెలో పచ్చడి, అరిటాకులో చోడి రొట్టె ముక్కలు వచ్చాయి. నా పక్కన కూర్చున్న హోటలు యజమాని ఒక ముక్క ముంచుకుని నోట్లో పెట్టుకుని ముఖం అదోలా పెట్టాడు. ఆ పక్కన పోషకాహారం పాఠాలు చెప్పే మేడం గారు, మాంసకృత్తులు బాగా ఉంటాయి, ఆలోచన మంచిది, కానీ ఉప్పు మరిచిపోయారు, ఎవరూ తినలేరు అంది. ఇద్దరూ నా వైపు చూశారు.

నాకు తెలుసు. అది ఎందుకు వేయలేదో ఆ హాలు మొత్తంలో తెలిసిన ఒకే ఒక్క న్యాయనిర్ణేతను నేను. ఒక్క వాక్యం చాలు. ఇది ఉప్పు చేతులతో తినే తిండండీ అంటే సరిపోయేది. అనలేదు. అంటే, మేనత్తకు మార్కులు వేయించుకున్నాడంటారని భయం. నిష్పక్షపాతం. ఎంత పెద్ద మాట చూడండి, ఎంత పిరికి పనికి పనికొచ్చిందో. రుచి అని ఉన్న గడిలో పదికి నాలుగు వేశాను. అత్త దూరం నుంచి మా ముఖాలు చూస్తూ నిలబడింది. ఏం తప్పు జరిగిందో ఆవిడకు అర్థం కాలేదు. ఒక ముక్క తీసి తనూ రుచి చూసుకుంది. ఆవిడ వేళ్ళ బీటల్లో ఉప్పు ఉంది. బాగానే ఉందనుకుంది.

మొదటి బహుమతి పట్నంలోని ఒక సంఘం చేసిన తెల్ల శనగల డిప్‌కి వచ్చింది. నువ్వులు, నిమ్మరసం, పైన ఏదో విదేశీ నూనె. బాగానే ఉంది, ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. మంజూరైన పాక మాత్రం వాళ్ళ వార్డులో పార్కు పక్కన కట్టారు. ఇప్పుడు అక్కడ పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళు డిప్ తింటున్నారు. ప్రకటించిన మాట పని స్థలం అని. నడవడం కూడా పనే కాబోలు.

తిరిగి వెళ్ళేటప్పుడు అత్తతో పాటు నేనూ రైలెక్కాను. రెండు స్టేషన్లు దాటాక, ఉప్పు నేదన్నారటగదరా అంది. అవునన్నాను. కాసేపు తన చేతులు తిప్పి చూసుకుంది.

"ఆల సేతులకి ఉప్పుండదని నాకు తోసనేదురా అల్లుడా. మడికాడ నూరినట్టే నూరీసినాను. నాదే తప్పు."

ముప్పై ఏళ్ళు అదే చేతులతో, అవే చేతుల కోసం నూరిన మనిషి. ఉప్పు లేని చేతులు కూడా లోకంలో ఉంటాయని ఆ క్షణంలో గుర్తు రాలేదు. అది తప్పు ఎలా అవుతుంది? నేను ఆ మాట అప్పుడైనా అనాలి. ఆవిడే మళ్ళీ అడిగింది.

"నీకు తెలుసు గదా. నువ్వన్నా ఓ మాట సెప్పలేపోనావా?"

నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఆవిడ సంచిలోంచి మిగిలిన రొట్టె ముక్కలు తీసి నాకూ పెట్టింది. ఆ తర్వాత ఎన్నో రాశాను. నదుల మీద రాశాను, ఎన్నికల మీద రాశాను, ఎక్కడో సముద్రాల అవతల కార్మికులు సమ్మె చేస్తే ఉప్పొంగిపోయి రాశాను. ఆ గట్టు మీది అరగంట గురించి ఒక్క ముక్క రాయలేదు. రాస్తే నా నాలుగు మార్కుల సంగతి కూడా రాయాలి కదా. అందుకని ఇవాళ్టి దాకా ఆగాను. ఆవిడ పోయే దాకా ఆగాను. మిమ్మల్ని తిడుతూ మొదలుపెట్టిన వాడికి ఈ మాట దాచుకునే హక్కు లేదు.

ఇక గురువారం. అక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తొమ్మిదింటికి సముద్రం వైపు నల్లగా మబ్బు లేచింది. వాన పడితే మడిలో ఉప్పు కరిగిపోతుంది. మేస్త్రి గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ, ఉన్నదంతా గుట్టకు చేర్చి తాటాకులు కప్పే దాకా ఎవరూ కూర్చోవద్దన్నాడు. అప్పటికే అత్త పచ్చడి నూరేసింది. పది అయింది. ఆవిడ మేస్త్రి దగ్గరకు వెళ్ళి అడిగింది.

"అరగంట ఒగ్గీ బాబూ. తినీసి మోస్తాం. కడుపులో ఏటీ నేకుండా కాళ్ళు తేలిపోతన్నాయి."

కూకున్నోళ్ళు రేపట్నుంచి రానక్కర్నేదని మేస్త్రి అన్నాడు. వాడూ మా ఊరివాడే. వాడి తల్లి కూడా ఒకప్పుడు ఆ గట్టు మీద ఆ పచ్చడి తిన్నదే.

అత్త తిరిగి వచ్చింది. ఎవరినీ కూర్చోమనలేదు. గట్టు మలుపులో నిలబడింది, ఎడమ చేతిలో గిన్నె, భుజం మీద రొట్టెల మూట. నెత్తి మీద గంప ఉన్నవాళ్ళకు రెండు చేతులూ పైనే ఉంటాయి కదా. ఒక్కొక్కరూ ఆ మలుపులోకి వచ్చినప్పుడు ముక్క ముంచి నోట్లో పెట్టింది. నములుతూనే వాళ్ళు నడిచారు. మళ్ళీ ఖాళీ గంపతో వచ్చి, మళ్ళీ నింపుకుని వెళ్తుంటే ఇంకో ముక్క. పదమూడు మందికీ అలాగే పెట్టింది. ఇదేటే, పిట్టలకి పెట్టినట్టు పెడతన్నావు అని అక్క అంటే, నోరు తెరు, మాటలొద్దు అందట. అప్పుడు మేస్త్రి చూశాడు. ఏటక్కడ పేరంటమా అని అరిచాడు. అత్త గిన్నె మూత పెట్టి, గోడ నీడ కూడా లేని ఆ గట్టు మీదే దించి, తన గంప ఎత్తుకుంది. మూడో గంపకు పడిపోయింది.

అందరికీ ఆవిడ పెట్టింది. ఆవిడ నెత్తి మీద గంప ఉన్నప్పుడు ఆవిడ నోట్లో పెట్టడానికి మలుపులో ఎవరూ లేరు. ఆ ముక్క చెబుతూ అక్క ఏడ్చింది. నాకైతే ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. ఒళ్ళు మండుతోంది.

ఆ రోజు వాన పడలేదు. మబ్బు పలాస వైపు వెళ్ళిపోయింది. ఉప్పు ఒక్క గంప కూడా కరగలేదు. గుట్ట అలాగే తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది, వెళ్ళి చూడవచ్చు. కొన్ని నెలల్లో అది లారీ ఎక్కి, సంచుల్లోకి దిగి, మీ వీధి కొట్టుకు వస్తుంది. కూరలో ఉప్పు తక్కువైందని మీరు కంచం పక్కకు నెడతారు. నెట్టే ముందు ఒకసారి చేతుల వైపు చూసుకోండి.

దండలొద్దు, సంతాప సభలొద్దు, ఆవిడ ఫొటో పెట్టి ఉలవ పచ్చడి పండగలు అసలే వద్దు. మిగిలిన పదమూడు మంది సోమవారం మళ్ళీ మడిలో దిగారు. అక్క ఉలవలు వేయించుకుని వెళ్ళింది. పది గంటలకు ఏం జరగాలన్నది ఇంకా తేలలేదు. కాబట్టి సంతకాలు చేసే వాళ్ళూ, చేయించగల వాళ్ళూ, ఓటు వేసే వాళ్ళూ వినండి. అడుగుతున్నవి ఇవి:

ఒకటి. వచ్చే పంటకు ముందే ప్రతి ఉప్పు మడి గట్టు మీదా రేకుల పాక వేయాలి, కింద పద్నాలుగు మంది కాళ్ళు చాపుకుని కూర్చునేంత చోటుతో.

రెండు. ఆ పాకలో పొయ్యి, నీళ్ళ కుండీ ఉండాలి. తాగడానికి ఒకటి, చేతులు కడుక్కోవడానికి ఇంకొకటి.

మూడు. బీటలు వారిన చేతులకు మందు, తొడుక్కోవడానికి తొడుగులు గుత్తేదారే ఇవ్వాలి.

నాలుగు. ఈ చావు ఎండ వల్ల, పస్తు వల్ల జరిగిందా లేదా అన్నది విచారించాలి. ఆ పదమూడు మంది మాటా రాసుకోవాలి, పేర్లు బయటపెట్టకుండా.

అయిదు. పది గంటలకు అరగంట తిండి వేళ. అది పనివేళలో భాగంగానే లెక్కకు రావాలి. కాగితం మీద ఉండాలి. ఆ కాగితం పాక గుంజకు కొట్టి ఉండాలి.

ఆరు. ఆ అరగంటలో ఎవరినీ లేపకూడదు. మబ్బు పట్టినా సరే.